కొండ కొన, కలం మొన

రెండువేల మూడు మార్చిలో ఒక మధ్యాహ్నం, గుడ్డలు కొనడానికి మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనిషిని నా మొగుడనుకుని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పు నాది కాదు, నా కళ్లది.

మాది శ్రీకాళహస్తి. ఇంట్లో కలంకారీ పని. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి చేసుకున్న కలంతో బొమ్మలు గీస్తాం. ఆ తర్వాత రంగులు, ఆ తర్వాత ఏట్లో ఉతకడం. నా చూపు మైనస్ ఏడు. అద్దాలు తీస్తే జానెడు దూరం దాటింది ఏదైనా నాకు పొగే. కానీ ఆ జానెడు లోపల నాకు కనబడినట్టు ఇంకెవరికీ కనబడదు. పిట్ట రెక్కలో ఈకకూ ఈకకూ మధ్య సందు, కలం మొన నుంచి చీలి పక్కకు జరిగిన ఒక్క ఉన్ని పోగు, అన్నీ కనబడేవి. అందుకే గీసేటప్పుడు అద్దాలు తీసి పక్కన పెట్టేదాన్ని. పెట్టుకుని వంగితే చెమటకు జారి తడి గీత మీద పడేవి. రోజుకు వందసార్లు తీయడం, వందసార్లు పెట్టడం.

ఆ రోజు అద్దాలు పీట కింద ఉన్నాయి. వాకిట్లో తెల్లచొక్కా ఒకటి కదిలింది.

"ఇంతసేపు యాడ సచ్చినావు? పటిక తెమ్మంటే గని తవ్వను పోయినావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను.

తెల్లచొక్కా మర్యాదగా దగ్గి, "అమ్మా, నేను మద్రాసు నుంచి వస్తున్నాను" అంది. దాని వెనకే పటిక పొట్లంతో వచ్చిన నా మొగుడు మునిరత్నం గోడ పట్టుకుని నవ్వాడు.

ఆ పెద్దమనిషి మంచివాడు. తనూ నవ్వేసి, పరిచిన గుడ్డ చూసి, "ఇంత సన్నగా ఎవరు గీస్తారు?" అని అడిగాడు.

"మేమే సార్" అన్నాడు మునిరత్నం.

"అమ్మగారు కూడానా?"

"ఆమె ఇంట్లోనే ఉంటాది సార్."

కలం అప్పుడు నా చేతిలోనే ఉంది. మా వీధిలో ఆడవాళ్లందరమూ ఇంట్లోనే ఉంటాం. పొద్దున వంట, ఆ తర్వాత పీట మీద గుడ్డ. గీత మాది, కింద మూలన సంతకం మగవాళ్లది. దీన్ని ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి "ఏం పని?" అని అడిగినా, రేషన్ కార్డువాళ్లు అడిగినా, "ఇంట్లోనే" అని నా నోరు దానంతట అదే చెప్పేసేది.

ఈ తిట్ల కథ మా అమ్మాయి జాహ్నవి చెవిన పడింది. తను తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రిలో, వచ్చినవాళ్ల పేరూ ఊరూ ఫారం మీద రాసే కౌంటర్లో పనిచేస్తుంది. అక్కడికి ఆ ఏడే లేజరు మిషను వచ్చింది.

"మా, ఇంక చాలు. ఈసారి పోలీసోళ్లను తిడతావు" అంది ఫోన్లో. "లేజరు పెట్టిస్తాము. అద్దాలు ఉండవు. మా స్టాఫ్ ఇంటోళ్లకు డాక్టరు గారు తక్కువలో చేస్తారు."

ఏప్రిల్ మొదటి వారంలో మునిరత్నమూ నేనూ బస్సెక్కాం. కౌంటర్లో జాహ్నవే నా ఫారం నింపింది. పేరు సుబ్బులమ్మ, వయసు నలభైమూడు. పని దగ్గరికి వచ్చేసరికి నన్ను అడగలేదు, తనే గబగబా గృహిణి అని రాసేసింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకేమీ అనిపించలేదు.

పరీక్షలు ఒక పూటంతా పట్టాయి. గడ్డం ఒక చోట ఆనించి ఎర్ర వలయాల్లోకి చూడమన్నారు. మందు చుక్కలు వేసి, పెన్ను లాంటి దానితో కంటి నల్లగుడ్డు ముట్టుకుని మందం కొలిచారు. ముట్టుకున్న సంగతే నాకు తెలియలేదు. డాక్టరు జయచంద్ర గారిది మాది లాంటి ఊరే, చంద్రగిరి. ఎవరితోనైనా నెమ్మదిగా మాట్లాడతారు.

"చూడమ్మా, మీ కంటి ముందు ఉండే పొర అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ మందం. పైన పలచగా ఒక పొరను మూతలాగా లేపుతాను. పూర్తిగా తెంచను, ఒక పక్క అతుక్కునే ఉంటుంది. కింద లేజరుతో ఒక వెంట్రుక మందమంత అరగదీస్తాను. మళ్లీ మూత వేసేస్తాను."

"కుట్లు సార్?"

"ఉండవు. అదే అతుక్కుంటుంది."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇరవై ఆరేళ్లుగా వెంట్రుకంత గీత గీస్తూ, నాకంటే సన్నగా పనిచేసేవాళ్లు ఈ జిల్లాలో లేరని లోపల్లోపల నాకు పొగరుండేది. ఈయన వెంట్రుక మందంలో లెక్కలు వేస్తున్నాడు, అది కూడా బతికున్న మనిషి కంట్లో.

"మీది ఎక్కువ పవరు కాబట్టి ముందు కుడికన్ను, వారం తర్వాత ఎడమకన్ను చేద్దాం" అన్నారు. "ఇంకో మాట. నలభై దాటినవాళ్లకు దూరం చూపు బాగైనా దగ్గరివి మసకబారతాయి. చదవడానికి అద్దాలు కావాల్సి రావచ్చు."

"నేనేం సదవాల సార్? మా ఇంటికి పేపరు కూడా రాదు" అన్నాను. అందరూ నవ్వారు. డాక్టరు గారు ఫారం వైపు చూసి, తల ఊపి, సంతకం పెట్టారు.

ఆపరేషన్ రోజు తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని వెళ్లాను. నర్సు కృపామణి నన్ను చూసి నెత్తి కొట్టుకుంది.

"పూలు తీసెయ్ మా. నూనె, పౌడరు, సెంటు ఏదీ పనికిరాదు. వాసనకు లేజరు తేడా చేస్తాది."

"పూలకే తేడా చేసే మిషనుకు నా కన్ను అప్పజెప్తా ఉండానే" అన్నాను. ఆమె నవ్వకుండా పూలు తీసి నా చేతిలో పెట్టింది.

లోపలి గది చలికి పళ్లు టకటకలాడాయి. సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఎడమకన్ను మూసి, కుడికంట్లో చుక్కలు వేశారు. కాసేపటికి ఆ కన్ను నాది కానట్టు మొద్దుబారింది. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. నొప్పి లేదు. కానీ రెప్ప వేయాలనిపించి వేయలేకపోవడం ఎంత భయమో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు కంటిని గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. కొద్దిసేపు చీకటైపోతుంది. భయపడొద్దు, అది అంతే" అన్నారు డాక్టరు గారు.

నిజంగానే చీకటైపోయింది. కన్ను తెరిచే ఉంది, చీకటి. ఏదో మిషను కుట్టుమిషనులా జుయ్యిమంది. ఆ కొన్ని క్షణాల్లో నేను దేవుణ్ణి తలుచుకోలేదు. పీట మీద వదిలేసి వచ్చిన జీవవృక్షం గుడ్డను తలుచుకున్నాను. అందులో ఇంకా పదకొండు పిట్టలకు కళ్లు పెట్టలేదు. ఈ చీకటి ఇలాగే ఉండిపోతే వాటికి కళ్లెవరు పెడతారు?

మళ్లీ వెలుతురు వచ్చింది. పైనున్న ఎర్రదీపం కరిగి, చెదిరి, ఎర్రటి నీళ్లలా పరుచుకుంది. మూత లేపారన్నమాట.

"ఆ ఎర్రదీపాన్నే చూడండి. కదలొద్దు. అంతే."

టక టక టక మని చప్పుడు మొదలైంది. జుట్టు కాలిన వాసన వచ్చింది. అది నా కంటి వాసనే అని తెలిసి ఒళ్లు జలదరించింది. అయినా కదల్లేదు. ఇరవై ఆరేళ్లు ఊపిరి బిగబట్టి గీత లాగిన మనిషిని, కదలకుండా ఉండటం నాకెవరూ నేర్పనక్కర్లేదు. "సగమైంది... ఇంకొంచెం... అయిపోయింది" అన్నారాయన. మొత్తం ఒక నిమిషం ఉంటుందేమో. తర్వాత నీళ్లతో కడిగి, మెత్తటి కుంచె లాంటి దానితో ఆ మూతను సర్దారు. గుడ్డ మీద ముడతను నేను వేలితో సర్దినట్టే.

"లేచి కూర్చోండమ్మా. ఎదురుగా ఏముంది?"

అంతా పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టు ఉంది. ఆ పాల వెనక గోడ ఉంది. గోడకు గడియారం ఉంది. దానికి ముళ్లున్నాయి.

"పదకొండు ఇరవై" అన్నాను. అని, భయపడి ముఖం తడుముకోబోయాను. అద్దాలు లేవు. అద్దాలు లేకుండా గోడ గడియారం చదివాను. ఇస్కూల్లో బోర్డు కనబడక దెబ్బలు తిన్న నాటి నుంచి ఆ రోజు దాకా అద్దాలు లేకుండా నాకు గోడన్నదే లేదు.

కృపామణి కంటి మీద పారదర్శకంగా ఉండే చిన్న డొప్ప పెట్టి, టేపు అంటించి, వరసపెట్టి చెప్పింది. సాయంత్రం దాకా మంట, నీళ్లు కారడం. వారం దాకా తలస్నానం లేదు. దుమ్ము, పొయ్యి పొగ కూడదు. చుక్కల మందు మరిచిపోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కన్ను రుద్దకూడదు. రుద్దితే మూత కదులుతుంది.

"ఏడుపొస్తే?" అని అడిగాను. ఊరికే, ఎగతాళికి.

"ఏడ్సు మా, ఎవరొద్దన్నారు? కారనీ. రుద్దొద్దు, అంతే."

ఆ సాయంత్రం జాహ్నవి గదిలో, కంట్లో మిరపకాయ పడ్డట్టు మండుతుంటే అందరినీ తిట్టి పడుకున్నాను. పొద్దున ఆసుపత్రిలో డొప్ప తీశారు. దూరపు అక్షరాల పట్టీలో కింది నుంచి రెండో వరస దాకా చదివాను. డాక్టరు గారు చాలా బాగుందన్నారు. నేను వరండాలోకి వచ్చాను. అక్కడ కిటికీ ఉంది.

కిటికీలో కొండ ఉంది.

తిరుమల కొండ నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అద్దాలు లేకుండా నీలం మరక. అద్దాలతో, గీతలు పడ్డ అద్దాల వెనక, చిన్నగా అణిగిపోయిన కొండ. ఇప్పుడది ఒక్కసారిగా ఎదురొచ్చింది. ఎర్రరాయి పొరపొరలుగా, పొరల మధ్య నీడలతో. కొండ కొన మీద చెట్టు చెట్టూ విడివిడిగా నిలబడి ఉంది. తెల్లగా గాలిగోపురం. దాని పైన ఒక గద్ద రెక్క కదపకుండా తిరుగుతోంది, దాని రెక్క కొన కొద్దిగా పైకి వంగి ఉంది. నేను గద్దలు ఎన్నో గీశాను. ఆ వంపు నాకు తెలియదు. నాకు పని నేర్పిన మా మామ గీసినట్టు గీసుకుంటూ వచ్చానే తప్ప, ఆకాశంలో గద్దను నేనెప్పుడూ చూడలేదు. ఇంత లోకం ఇన్నేళ్లుగా ఇక్కడే ఉందా, నన్ను పిలవకుండా ఇంత లోకం నడిచిపోతోందా అనిపించింది. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమే, ఏమైంది?" అన్నాడు మునిరత్నం.

"కొండబ్బా" అన్నాను.

ఎడమకన్ను మబ్బుగానే ఉన్నా కుడికన్ను చాలింది. ఊరికి వచ్చే దారంతా బస్సులో ప్రతి బోర్డూ పైకి చదివి పక్కవాళ్ల ప్రాణం తీశాను. మూడో రోజు మునిరత్నం స్వర్ణముఖి ఏట్లో పాత జీవవృక్షం గుడ్డ ఒకటి ఉతికి ఇసుక మీద ఆరేశాడు. నీళ్లూ దుమ్మూ తగలకూడదని నన్ను దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి చూశాను. పదమూడు అడుగుల చెట్టు, కొమ్మకొమ్మకూ పిట్టలతో, మొత్తం ఒకేసారి. జానెడు జానెడుగా గీసిన దాన్ని ఒక్కచూపులో చూడటం నాకదే మొదలు. అది నేను గీసిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

కాసేపటికి నా బుద్ధి బయటపడింది. "ఎడంపక్క మూడో కొమ్మ బరువెక్కువైపోయింది" అన్నాను.

"ఇన్నేళ్లూ బాగుండాదన్నావే?"

"ఇన్నేళ్లూ యాడ సూసినాను?"

నాలుగో రోజు ఆగలేక పీట ముందు కూర్చున్నాను. పదకొండు పిట్టలు కళ్లు లేకుండా ఎదురుచూస్తున్నాయి. కలం ముంచి, అలవాటుగా గుడ్డ మీదికి జానెడు దూరానికి వంగాను.

కలం మొన లేదు.

కలం ఉంది, మొన లేదు. పిట్ట తల ఉండాల్సిన చోట నల్లటి మసక. కన్ను చికిలించాను, చుక్కల మందు వేసుకున్నాను, కాసేపాగి మళ్లీ వంగాను. అదే. ఎడమకన్ను మూసి చూశాను, ఏమీ లేదు. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. మొన వచ్చింది, ఉన్ని పోగుతో సహా, ఎప్పటిలాగే. రెండూ తెరిస్తే కుడికంటి మసక దాన్ని కప్పేస్తోంది.

కొండను చూసిన కన్ను పిట్టను వదిలేసింది. వచ్చే సోమవారం ఈ ఎడమకన్ను కూడా కొండను చూస్తుంది. అప్పుడు ఈ పిట్టలకు కళ్లు పెట్టే కన్ను నా ముఖంలో ఉండదు. డాక్టరు గారు చెప్పిన దగ్గర అంటే ఇదేనని, చదవడమంటే నాకు ఇదేనని అప్పుడు బుర్రకెక్కింది. ఆయన చెప్పినప్పుడు పేపరు రాదని నవ్వింది నేనే. నా మీద నాకు ఒళ్లు మండిపోయింది. కలం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి దగ్గరికి పోకూడదు కాబట్టి గడప మీదే కూర్చున్నాను.

ఎవరికీ చెప్పలేదు. సోమవారం వెళ్లేటప్పుడు సంచిలో కలమూ, చిన్న సీసాలో నల్లరంగూ, జానెడు గుడ్డముక్కా పెట్టుకున్నాను. డాక్టరు గారి ముందు కూర్చున్నాను. ఎవరినైనా తిట్టడం నాకు తేలిక, ఇది కష్టం.

"సార్, ఎడమకన్ను వద్దు. నేను అబద్ధం సెప్పినాను."

"ఏం అబద్ధమమ్మా?"

"నేను ఇంట్లో ఊరికే ఉండను. బొమ్మలు గీస్తాను."

మునిరత్నం నేల చూస్తూనే అన్నాడు.

"గీత మొత్తం ఆమెదే సార్. మొదట్నించీ. నేను రంగు పూసి, ఉతికి, పేరు పెట్టుకుంటాను."

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అతని వైపు చూడటానికి ధైర్యం చాలక సంచి విప్పాను.

డాక్టరు గారు ఫారం తెప్పించారు. తెచ్చింది జాహ్నవే. "ఇందులో గృహిణి అని ఉందే?" అని ఆయన మామూలుగానే అడిగారు. నా బిడ్డ ముఖం ఎర్రబడింది.

"నేనే రాసినాను సార్. అమ్మను అడగలేదు" అంది. నా గుడ్డల మధ్య పాకి పెరిగిన పిల్ల, బెల్లం వేసి చేసే ఆ నల్లరంగు నాకి నా చేత దెబ్బలు తిన్న పిల్ల.

ఆయన ఫారం పక్కన పెట్టారు. అద్దాలు మార్చి చూసే ఇనప ఫ్రేము నా ముఖానికి పెట్టి, "గీయండమ్మా. ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే" అన్నారు. నేను కింద కూర్చుని, కుర్చీ మీద గుడ్డ పరిచి, కలం ముంచాను. ఆయన నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, టేపు తీసుకుని నా కంటికీ కలం మొనకూ మధ్య దూరం కొలిచారు. ఒక అద్దం పెట్టారు, గీశాను. తీసి ఇంకోటి పెట్టారు, గీశాను. నాలుగో అద్దానికి పిట్ట ముక్కు తీరుగా వచ్చింది. కంటి పాప చుట్టూ గీత తిప్పాను. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది.

"ఇది చేత్తోనేనా?" అన్నారు. అర మిల్లీమీటరు పొరను లేపి మూసే మనిషి, చిన్నపిల్లాడిలా ఆ పిట్ట కంటినే చూస్తూ ఉండిపోయారు. ఆయన వెంట్రుక లెక్కలకు నేను ఎలా నోరు తెరిచానో అలాగే.

తర్వాత లేచి వివరంగా చెప్పారు. రెండో కంటికీ పూర్తిగా చేసి, దగ్గరికి అద్దాలు పెట్టుకోవచ్చు. లేదా ఎడమకంట్లో ఏడు పవరులో మూడు మిగల్చవచ్చు. అప్పుడు కుడికన్ను దూరానికి, ఎడమకన్ను కలానికి. మొదట తల తిరిగినట్టుంటుంది, కొన్ని వారాలకు మెదడు సర్దుకుంటుంది. ఆ ఉన్ని పోగు మునుపటంత పెద్దగా కనబడదు. వయసు పెరిగే కొద్దీ ఇంకా మారుతుంది.

"మీరే చెప్పండి. చెయ్యి మీది."

"మూడు మిగల్చండి సార్" అన్నాను.

ఈసారి పూలు పెట్టుకోలేదు. మళ్లీ అదే చలి, అదే చీకటి, అదే జుట్టు కాలిన వాసన. చీకటిలో ఈసారి భయం లేదు. ఎంత తీస్తున్నారో, ఎంత మిగులుస్తున్నారో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున డొప్ప తీశాక కుడికంటితో దూరపు పట్టీ చివరి వరస దాకా చదివాను. ఇక దగ్గరి చూపు పరీక్ష. దానికి చిన్న అక్షరాల అట్ట ఒకటి ఉంటుంది. డాక్టరు గారు అది వెతికి, దొరకలేదో లేక దొరికినా వద్దనుకున్నారో, బల్ల మీదున్న నా ఫారమే తీసి చేతికిచ్చారు.

"కుడికన్ను మూసి ఇది చదవండమ్మా."

జానెడు దూరంలో పట్టుకున్నాను. అక్షరాలు కాస్త చిన్నవైనా, నల్లగా, తీరుగా నిలబడ్డాయి. పేరు చదివాను. వయసు చదివాను. తర్వాతి గడిలో పాత మాట మీద అడ్డంగా ఒక గీత ఉంది. దాని పైన ఇరికించి రాసి ఉంది, మా జాహ్నవి చేతిరాతే.

"పని... కలంకారీ బొమ్మలు గీయడం. ఇరవై ఆరేళ్లుగా."

చివరి మాట దాకా చదివాను. తలుపు దగ్గర నిలబడ్డ జాహ్నవి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నాకు రెండు కళ్లలో నీళ్లు నిండి, ఆ అక్షరాలు మళ్లీ చెదిరిపోయాయి. చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"మా! రుద్దొద్దు!" అని కృపామణి అరిచి, నా చెయ్యి పట్టేసుకుంది. "కారనీ."

కారనిచ్చాను.